తడవని జంపఖానా

1979 జులై, శనివారం

నా ఎగిరే జంపఖానా కథలో ఒక పేరా కొట్టేశాడు సుబేదారిలోని పత్రికాఫీసు ఎడిటర్ సారు. జంపఖానా వానలో తడిసి బరువెక్కి, ఒక డాబా మీద దిగి, ఆరేదాకా కదలని పేరా అది.

"మంత్రాల జంపఖానాకు వానేమిటయ్యా? పిల్లల కథకు ఇంత లెక్కెందుకు?" అన్నాడు.

పదేళ్లుగా జంపఖానాలు నేస్తున్నవాణ్ణి. తడిసినదాన్ని ఇద్దరు పడితే గానీ లేపలేం. ఆయన ఏనాడు లేపాడు గనక! అయినా అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో "సరే సార్" అన్నాను. సిగ్గులేని నోరు.

ఇంటికొచ్చి ఆ పేరా లేని కథను అక్క కూతురు సుజాతకు చదివి వినిపించాను. పాత కథ విన్నాక ఈ పిల్లే వాన వెలిసిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి జంపఖానా కోసం ఆకాశంలోకి చూసేది. ఇవాళ మధ్యలోనే ఆపింది.

"వాన పడితే తడ్వదా మామా?"

"తడ్వదు. మంత్రం గదా."

"మొన్న తడుస్తదంటివి! గిదంత ఉత్తదే. నాకు తెల్వదనుకున్నవా?"

లేచి ఆడుకోను పోయింది.

ఎగరడం నమ్మిన పిల్ల, తడవకపోవడం నమ్మలేదు. ఇంత చదివిన సారుకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదా?

సోమవారం పోయి ఆ పేరా పెట్టమనాలి. పెట్టనంటే కాగితాలు లాక్కొని రావాలి. అంటానా? పొద్దున సరే అన్నది ఈ నోరే.