పొగ ఫోటోలు

నవంబర్ 3, సోమవారం

ఎండీ గారు ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చారు. మా కంపెనీ ఉన్న నాచారంలో గాలి బాగాలేదట. పదకొండేళ్లుగా ఇదే గాలి పీలుస్తున్నాను, నాకు చెప్పాలా! స్టాఫ్‌ని ఇన్‌వాల్వ్ చేయాలన్నారు. అడ్మిన్ కదా, నా నెత్తిన పడింది. మొదటి రూలు: సోమవారాలు ఎవరూ బండి తేకూడదు.

నవంబర్ 10

గేటు రిజిస్టర్‌లో అరవై మంది బస్సు, మెట్రో అని రాశారు. సంబరపడ్డాను. మధ్యాహ్నం టీకి వెనక సందులోకి వెళితే బండ్లన్నీ అక్కడే ఉన్నాయి. స్టోర్స్ ఉపేందర్ కనీసం సిగ్గుపడలేదు. మేడిపల్లి నుంచి ఉప్పల్‌ల బస్సు మారి ఒక్కరోజు నువ్వొచ్చి సూడన్నా, తెలుస్తది అన్నాడు.

నా బండీ ఆ సందులోనే ఉంది.

నవంబర్ 12

హెచ్చార్ హరిణి ఐడియా. పొగ కనిపిస్తే ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఫోటో లేని కంప్లయింట్ చెల్లదు. బెస్ట్ ఫోటోకి మిక్సీ.

నవంబర్ 15, శనివారం, మధ్యాహ్నం

ఇరవై మూడు ఫోటోలు! జనం కదిలారు. అన్నిట్లోనూ ఒకటే మనిషి. షెడ్డు వెనక మా స్వీపర్ సారలమ్మ, ఎదురుగా మంట. థర్మాకోల్, అట్టలు, కవర్లు.

శనివారం శనివారం కాల్చెయ్యమని చెప్పింది నేనే. చెత్త ఆటోవాడు కంపెనీ చెత్త ఎత్తడు, వేరే బండి మాట్లాడటానికి నాకు బద్ధకం. ఎనిమిదేళ్ల కిందట నోటిమాటగా చెప్పాను. ఎక్కడా రాసి లేదు.

నవంబర్ 17

ఎండీ గారు ఫోటోలు చూశారు. ఆమెని తీసేయమని కాంట్రాక్టర్‌కి చెప్పమన్నారు. సరే సార్ అన్నాను. అప్పుడే చెప్పేయాల్సింది.

నవంబర్ 18, ఉదయం

సారలమ్మ చెంగిచెర్ల నుంచి ఎప్పటిలాగే వచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. నన్ను చూసి, మీరే గద సారూ కాలవెట్టమన్నది, జర పెద్దసారుకు ఆ ముక్క చెప్పుండ్రి అంది. కోపం లేదు. చెబుతానన్నాను. నమ్మి వెళ్లిపోయింది.

నవంబర్ 19

చెప్పలేదు.

నవంబర్ 22, శనివారం

పొగ లేదు. ఎండీ గారు భుజం తట్టారు. స్టాఫ్ పార్టిసిపేషన్ అంటే ఇదీ అన్నారు.

సాయంత్రం కొత్త స్వీపర్ వచ్చింది. నడివయసు మనిషి. చెత్త మస్తు జమైంది సారూ, యాడ కాలవెట్టాలె అని అడిగింది.

నవంబర్ 24, 10.20

పొద్దున్నే చెత్త ఎత్తుకెళ్లడానికి ట్రాలీ ఆటో మాట్లాడాను. నాలుగు ఫోన్లు. ఎనిమిదేళ్లు చేయని పని అంతే.

తర్వాత షెడ్డు వెనక, నేల నల్లగా మాడిన చోట నిలబడి, నా ఫోటో నేనే తీసుకుని గ్రూపులో పెట్టాను. మంట పెట్టించింది నేను, సారలమ్మ తప్పు లేదు అని కింద రాశాను.

ఎండీ గారు క్యాబిన్‌కి రమ్మన్నారు.

సారలమ్మకి ఫోన్ చేసి, చెప్పానని చెప్పి వెళతాను.