పులుపుని తీపి చేసే మొక్క

ప్రత్తిపాడు, ఫిబ్రవరి 3

చీరాల పచ్చతోరణం నర్సరీ భవ్య గారికి మిరప రైతు జక్రయ్య నమస్కరించి రాయునది.

ఫోనులో మీరు చెప్పేది నా చెవికి సగమే ఎక్కుతుంది గనుక ఉత్తరం రాస్తున్నాను. క్రిస్మస్‌కి ముందు వచ్చిన టైఫాయిడ్ తగ్గినా మా ఇంటావిడ సువార్తమ్మ నోటికి ఏదీ రుచించడం లేదు. వంట నేనే చేస్తున్నాను. మీ మిరాకిల్ పండు చప్పరిస్తే ఎంత పులుపైనా తీపిగా తగులుతుందన్నారని మొక్క కొని మా చేలో నాటాను. దానికున్న ఆరు పండ్లూ విత్తనానికే ఉంచాను. కల్లంలో మిరపకాయల పక్కనే పట్టా మీద పోసి పదిహేను రోజులు ఎండబెట్టాను. విత్తితే ఒక్కటీ మొలవలేదు. నకిలీ విత్తనమని నా అనుమానం.

ఇంకా కోపం తెచ్చుకోని
జక్రయ్య

తా.క. మొలవని గింజలు కవర్లో పెట్టాను. సాక్ష్యం.

చీరాల, ఫిబ్రవరి 12

జక్రయ్య గారికి నమస్తే అండి.

ఇది మిరప విత్తనం కాదండి, ఎండితే చచ్చిపోతుంది. పండు తిన్న రోజే గింజ కడిగి నాటాలి. అంటే పండు అమ్మగారు తినాలి, గింజ మీరు నాటాలి. మొక్కని నల్లరేగడిలోంచి తీసి కుండీలో కొబ్బరిపొట్టు, ఆకుల ఎరువు వేసి నీడన పెట్టండి. మీ పైరులాగే చూసుకోండి.

ఉంటానండి,
భవ్య

తా.క. సాక్ష్యం అందింది. కవరు విప్పగానే మా ఆఫీసంతా తుమ్మింది.

ప్రత్తిపాడు, మార్చి 9

భవ్యమ్మకి జక్రయ్య రాయునది.

మీరన్నట్టే పైరులాగే చూసుకున్నాను. వారానికి రెండుసార్లు తామరపురుగు మందు కొట్టాను. పురుగు ఉందా అని అడగకండి, వచ్చిందాకా ఆగే రైతు ఎవడూ లేడు. ఆకులు రాలాయి. పక్క చేను కలీం చూసి డోసు చాల్లేదన్నాడు, పెంచాను. ఇప్పుడు పదకొండు ఆకులున్నాయి.

ఆవిడ నా చారుతో రెండు ముద్దలు తిని లేచిపోతోంది. ఇలా అయితే మనిషి దక్కుతుందా అని భయంగా ఉందమ్మా. కొమ్మ నాటితే తొందరగా కాస్తుందా?

దిగులుతో
జక్రయ్య

తా.క. కలీం కూడా నా చారు తాగాడు. పళ్లు పులిశాయని మంచినీళ్లు అడిగాడు. మళ్లీ రాలేదు.

చీరాల, మార్చి 14

జక్రయ్య గారూ,

ముందు ఆ మందు ఆపండి. కొమ్మ వేరు పట్టడానికే నెలలు పడుతుంది. గింజ నాటితే కాపుకి మూడేళ్లు. అందుకని మా తల్లి మొక్క పండ్లు పది, ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినిపించండి. ముందు పండు, ఆ తర్వాతే మీ చారు. మీరు భయపడకండి.

భవ్య

తా.క. దయచేసి పండ్లకి మందు కొట్టకండి.

ప్రత్తిపాడు, మార్చి 20

అమ్మాయ్ భవ్యా, సువార్తమ్మ దీవించి రాసేది.

పండ్లు తిన్నాను. చారు పానకంలా ఉంది, నాలుగు గ్లాసులు తాగాను. ఆయన గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

నీకు నిజం చెబుతాను. నాకు జనవరిలోనే ఆకలి పుట్టింది. ఆయన పొలం వెళ్లగానే గోంగూర పచ్చడి కలుపుకుని కడుపునిండా తింటున్నాను. ముప్పైరెండేళ్ల కాపురంలో ఆయన వంటింట్లోకి రావడం ఇదే మొదలు. పొద్దున లేస్తూనే ఏం తింటావని అడుగుతున్నాడు. బాగైందంటే ఆ అడగడం ఆగిపోతుందని చెప్పలేదు. నీ ఉత్తరంలో భయపడకండి అన్న మాట చదివాకే ఆయన భయపడుతున్నాడని తెలిసింది. సిగ్గేసింది. నిన్న అంతా చెప్పేశాను.

ఆయన చారు గిన్నె కడిగి బోర్లించాడు. తర్వాత, "సరే, రేపు ఏం వండమంటావు?" అన్నాడు.

నీ మేలు మరువని
సువార్తమ్మ

తా.క. పది గింజలూ ఏ రోజువి ఆ రోజే నాటాడు. కాపుకి మూడేళ్లన్నావు. అందాకా రోజూ చారు ఆయనే పెడతానంటున్నాడు. ఇంకో పాతిక పండ్లు పంపించు తల్లీ.