రోబో నేర్చుకున్న నెమ్మది

మంగళవారం, తిఫ్రా పారిశ్రామికవాడ

ఫ్యాక్టరీలో కొత్త రోబో చెయ్యి ఒక మిషన్ నుంచి గేర్లు తీసి పక్క మిషన్‌లో పెడుతూ ప్రతిదానికీ నొక్కులు పెట్టేస్తోంది. ప్రోగ్రాం రాసింది నేనే. ఇరవై ఏళ్లుగా ఆ గేర్లను చేతులతో మోసిన అప్పారావు బాబాయి చూసి, "ఏటమ్మా, అంత తొందరేటి దానికి? నిద్దరోతున్న పిల్లని పక్క మీద దించినట్టు దించాల," అని చేసి చూపించాడు.

నేను వేగం తగ్గించాను. చెయ్యి నీళ్లలో కదిలినట్టు తేలుతూ వచ్చి, చప్పుడు లేకుండా గేరు దించింది. ఇద్దరం మైమరచి చూస్తూ ఉండిపోయాం.

"అచ్ఛా, నేర్చీసుకుంది," అని నవ్వాడు. గేరుని చేత్తో తడిమి చూసి, "మరి రేపట్నుంచి నేనేటి చెయ్యాలమ్మా?"

"ఇంకా రెండు చేతులొస్తున్నాయి బాబాయ్, వాటికీ మీరే నేర్పాలి," అన్నాను.

ఆ రెండూ కూడా నేర్చేసుకున్నాక తన సంగతేమిటని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.