తిరగబడ్డ పన్ను

అనకాపల్లి,
12 ఆగస్టు 2005.

దీనమ్మకి నాన్న ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. చండీగఢ్‌లో నువ్వూ బాగున్నావనుకుంటన్నాను. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, మొన్న ఆదివారం చర్చికి నడిచే వచ్చింది. నువ్వడిగిన మాడుగుల హల్వా పార్సిల్ చేసేను.

నువ్వడిగిన రెండో సంగతికి జవాబు రాయలేక వారం నించి కాగితాలు చింపేత్తన్నాను.

"ఆ దవడలో నాలుగో పన్ను వెనక్కి తిరిగుంది. రాయిలోంచి తీసినప్పుడే అలా ఉందా నాన్నా? శుభ్రం చేసింది నువ్వే కదా" అని రాసేవు.

లేదమ్మా. అలా లేదు.

మా కాలేజీలో జియాలజీ చెప్పే త్రినాధరావు సారు జమ్ము కొండల నించి ఆ దవడున్న రాయి తెచ్చినప్పుడు నీకు ఎనిమిదేళ్లు. "గిట్టలుండి మాంసం తినే జంతువమ్మా ఇది. కోట్ల ఏళ్ల కిందటిది. దీని జాతిలో దొరికింది ఈ ఒక్క ముక్కే" అని సారు నీకు చూపించేరు. ఆ రోజు నించే కదా నీకీ చదువు పిచ్చి పట్టింది.

ఆ తరవాత వారం, నేను సూదితో మట్టి గీకుతుంటే చెయ్యి జారి దవడ కింద పడింది. అప్పుడే మట్టిలోంచి బయటపడ్డ, సారింకా చూడని పన్ను విరిగింది. సారు క్లాసులో ఉన్నారు. ల్యాబులో నాదప్పుడు టెంపరరీ ఉద్యోగం. భయంతో జిగురెట్టి అతికించేసేను. ఏ వైపు ముందో నాకేటి తెలుసు?

సాయంత్రం సారు చూసి, "కృపానిధీ, ఈ పన్ను చూసేవా? ఇలాంటిది లోకంలో లేదు!" అని గెంతులేసేరు. చూసేనని తలూపేను. ఆయన ఆ పన్ను మీదే రీసెర్చి పేపరు రాసేరు. పేరొచ్చింది. నా ఉద్యోగం పర్మనెంటు చేయించింది కూడా ఆయనే.

ఇప్పుడు నీ థీసిస్ కూడా దాని మీదే నిలబడిందని తెలిసేక ఇంక దాచలేకపోయేను. నిన్న సారింటికెళ్లి అంతా చెప్పేసేను.

ఆయన "ఆ రోజే చెప్తే తిట్టేవాణ్ణి. అంతే కదయ్యా" అని లోపలికెళ్లిపోయేరు. నేను గేటు దాకా వచ్చేసరికి వెనక నించి పిలిచేరు.

"దీనాకి ఉత్తరం రాయి. నా పేపరు తప్పని దాన్నే రాయమను. ఇంకెవరో రాయడం కన్నా అదే నయం."



నువ్వు రాసేటప్పుడు నా పేరు దాచకు. పడేసింది నేనే, అతికించింది నేనే. నా మీద కోపం వత్తే అదీ రాయి. నాలాగ మనసులో పెట్టుకుని ఊరుకోకు.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా చెప్పిన నాన్న,
కృపానిధి