బుల్లబ్బాయి కంచం

రాజమహేంద్రవరం,
గురువారం.

అమ్మకు నమస్కారం.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి. కులాసా కాదు. ఒంట్లో మాత్రం అందరికీ బాగానే ఉంది. ఫోను చేస్తే నీకు తప్ప పేటంతటికీ వినబడుతుంది, అందుకే ఈ ఉత్తరం. పక్కింటి వెంకటదుర్గా, తలుపేసి, అమ్మ చెవి దగ్గర చదువు తల్లీ. మధ్యలో ఏడవకు, అమ్మకి మాట అర్థం కాదు.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. మోకాళ్ళ నూనె పంపాను. నీ అల్లుడి దగ్గు తగ్గింది. మూడోది, నా దగ్గరున్న నీ కోడలు లోవలక్ష్మిని పంపమన్నావు. రేవులో నిలబెట్టి మన బుల్లబ్బాయిని పిలుస్తానన్నావు. ఇప్పటికే మూడుసార్లు ఒక్కదానివే పిలిచావట. సముద్రంలో పోయిన ఎవరింటి మనిషిని పిలిచినా పలికే గంగమ్మ నీ కొడుకు దగ్గరికొచ్చేసరికి నోరు విప్పడం లేదట. "నేనేం పాపం చేశానే?" అని రాయించావు.

దానికి జవాబు తర్వాత. ముందు నా కోపం విను.

అమ్మవారు పూనే గణాచారి కడుపున పుట్టి గణాచారుల మీదే కరపత్రం వేసినదాన్ని. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. చెవులు బాగా వినబడే రోజుల్లో చేపల బజారులో నువ్వు పదిళ్ళ సంగతులు చెవినేసుకోవడం, పూనకంలో వాటినే తిరిగి చెప్పడం నేను చూడలేదా? జ్వరమొచ్చిన పిల్లకు వేపమండలు విసిరి ఆస్పత్రికి ఆలస్యం చేసినవాళ్ళనూ చూశాను. నువ్వు కాదులే, నువ్వు తిట్టి మరీ ఆస్పత్రికి తరిమేదానివి.

కానీ అమ్మా, తమ్ముడు సముద్రం మీద వేటకెళ్ళి రాని ఈ నాలుగు నెలల్లో నేను తిరగని గుమ్మం లేదు. వాయుగుండం ఉందని తెలిసీ బోటు పంపిన ఆసామి "వాడే వెళ్తానన్నాడండి" అన్నాడు. ఆఫీసులో గుమాస్తా, "శవం లేకుండా చనిపోయాడని రాయలేమండి, ఏడేళ్ళు ఆగాలి" అన్నాడు. "ఈ ఏడేళ్ళూ ఆవిడ ఎవరండి? భార్యా, విధవా?" అంటే ఫైలు మూసి టీకి లేచాడు. డాక్టరు మంచివాడే. లోవలక్ష్మికి మాత్రలిచ్చాడు. నిద్ర వచ్చింది. మాట రాలేదు, ముద్ద దిగలేదు. నీ మనిషి పోయాడమ్మా అని ఆమె ముఖాన చెప్పే ఆఫీసు ఎక్కడా లేదు. ఉన్నది నీ రేవొక్కటే. తడిబట్టతో సముద్రానికి ఎదురుగా నిలబడి, పోయినవాడి గొంతుతో "నేనిక్కడే ఉండిపోయాను, నాకోసం చూడకు" అంటావే, అదొక్కటే. ఇది ఒప్పుకోవడానికి నాకెంత మండుతోందో నీకేం తెలుసు!

ఇక నీకు చెప్పకుండా దాచింది చెబుతాను. తిట్టుకో.

పదకొండు రోజుల కిందట పెరట్లో గుడ్డలారేస్తుంటే లోవలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. నాలుగు నెలల్లో మొదటి మాట.

"వదినా, నువ్వు గణాచారి కూతురివే కదా. ఆయన్ని పిలువు."

"నాకు రాదు లోవా. అదంతా ఉత్తిదే."

"ఉత్తిదే పిలువు."

బకెట్లో నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాను. వాడి గొంతు నాకు రాకపోతే ఎవరికొస్తుంది? "ఏమే, పులుసులో ఉప్పు మరిచిపోయినదానిలా కూర్చున్నావేంటి?" అన్నాను. అచ్చం వాడి మాటే. ఆమె నవ్వింది. నీ అల్లుడు టీ గ్లాసుతో గుమ్మంలోనే బిగుసుకుపోయారు. "నాలుగు ముద్దలు తినవే" అన్నాను. తింది. నాకు ఆశ పుట్టింది. బడిలో పిల్లల్ని బుజ్జగించినట్టు, "మాత్ర కూడా వేసుకో, రేపు మళ్ళీ వస్తాను" అనేశాను.

అక్కడే చెడగొట్టాను. నీ నోట పలికినప్పుడు పోయినవాడు ఎన్నడూ రేపొస్తాననడు. అరిటాకులో ముద్ద పెట్టించి సముద్రం వెనక్కి లాక్కునే ఆటునీళ్ళలో వదిలిస్తావు, పిలిపించుకున్న మనిషిని వెనక్కి తిరగనివ్వకుండా నడిపించుకొస్తావు. చిన్నప్పుడు నేను పిలవడం వరకే చూసి, నవ్వుకుని, ఇంటికి పరిగెత్తేదాన్ని. సాగనంపడం నేర్చుకోలేదు.

వాడు రోజూ వస్తున్నాడమ్మా. స్కూలు నుంచి రాగానే నీళ్ళు పోసుకుంటున్నాను, సైన్సు టీచర్ని! లోవలక్ష్మి వేళకు తింటోంది, మాత్రలేసుకుంటోంది, పూలు పెట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుంటోంది. మొన్న "నాకోసం చూడకు" అనబోయాను. చివరికి "రేపొస్తాను" అనే అన్నాను. ఆ మాటంటే వాడు నాకూ పోతాడు.

నీకు పలక్కపోవడానికీ కారణం ఇదే. పాపమూ కాదు, పాడూ కాదు. వాడొస్తే ఏం చెబుతాడో నీకు తెలుసు. అది వినే ధైర్యం లేకుండానే పిలుస్తున్నావు.

ఆదివారం పొద్దున్న బస్సుకు మేమిద్దరం వస్తున్నాం. డాక్టరు చీటీ, మాత్రలు తెస్తాను. అవి మానడానికి వీల్లేదు, గంగమ్మ చెప్పినా సరే. నువ్వు నీళ్ళలోకి దిగు. నీ గొంతు ఆగితే నేనందుకుంటాను, నాది ఆగితే నువ్వందుకో. ఆ ఒక్క మాట మనిద్దరిలో ఎవరి నోటైనా పూర్తి కావాలి.

రావాలన్న ఆలోచన నాది కాదు. ఈ ఉదయం ఆమె బొమ్మిడాయిల పులుసు పెట్టి రెండు కంచాలు వేసింది. తమ్ముడి కంచం ముందు నన్ను కూర్చోబెట్టింది. పులుసులో నిజంగానే ఉప్పు లేదు. వాడైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. నేను తలొంచుకుని తిన్నాను. ఆమె ఆ అరుపు కోసం నన్నే చూస్తూ కూర్చుని, చివరికి ఆ కంచం తన చేత్తోనే తీసింది.

"వదినా, అత్త దగ్గరికి తీసుకెళ్ళు" అంది.

ఇట్లు,
నీ మాట వినని కూతురు,
బుల్లబ్బాయి అక్క,
రత్నమాణిక్యం.