గోడకు అవతలి వైపు

ఫిలింనగర్, హైదరాబాదు.
2 మే 1994.

పూజ్యులు బావగారు కామేశంగారి సన్నిధికి, మీ బావమరిది అనంతపద్మనాభం చేతులు జోడించి రాసుకుంటున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఇల్లు కూడా క్షేమం. మనుషుల క్షేమం రాస్తారు గానీ గోడల క్షేమం ఎవరైనా రాస్తారా అని మీకు నవ్వొస్తే నవ్వండి. మీరు నవ్వి చాలా రోజులైందని అక్కయ్య చెప్పింది.

ఆదివారం మద్రాసులో మీ సాలిగ్రామం పక్కింటివాళ్లకు ఫోను చేశాను. అక్కయ్య వచ్చింది. బావగారేరీ అంటే కూరగాయలకు వెళ్లారంది. అంతకుముందు చేసినప్పుడు గుడికి వెళ్లారంది. ఫోను మోగినప్పుడల్లా మీకు భక్తో, వంకాయల మీద మమకారమో పుట్టుకొస్తున్నట్టుంది. అందుకే ఈ ఉత్తరం. మీరు బజారుకు వెళ్లినా ఇది బల్లమీద కూర్చుని మీకోసం కాచుకుంటుంది.

శుభవార్త ముందు రాసేస్తాను. ఇల్లు పూర్తయింది. వైశాఖ శుద్ధ దశమి, శుక్రవారం నాడు గృహప్రవేశం. వీధి తలుపుకు వార్నిషు ఆరింది. నల్లా రోజు విడిచి రోజు దగ్గుతుంది, దగ్గినప్పుడు నాలుగు బిందెల నీళ్లు పడతాయి. వాకిట్లో ఆ నల్లబండ మీకు గుర్తుందిగా, కొట్టించేద్దామంటే మా వియ్యంకుడు హనుమంతుగారు ఆఖరిదాకా ఒప్పుకోలేదు. మనకన్న ముందుగాల వచ్చింది గది, దానికి జాగ ఇడిసి మనమే జరగాలె బావా అన్నాడు. ఇప్పుడు దానిమీద కూర్చునే రాస్తున్నాను. పొద్దున హాయిగా ఉంటుంది. పది దాటితే దోసెలు పోసుకోవచ్చు.

ఇక్కణ్ణుంచి చూస్తే కింద జూబిలీహిల్స్ మేడలు. వాటిలో సగానికి రోజూ షూటింగే. ఇల్లు అద్దెకిచ్చిన ఆసామి వెనకగదిలో పెళ్లాంపిల్లలతో నోరు మూసుకుని కూర్చుంటాడు. దగ్గితే కట్ అంటారు. సొంతింట్లో దగ్గడానికి ఇంకొకరి అనుమతి కావాలంటే ఆ మేడ ఎందుకని మొన్న ఒకాయన్ని అడిగాను. మేడ కట్టిన అప్పు తీరడానికండీ అన్నాడు. అసలు మేడలే అద్దెకు దొరుకుతుంటే సెట్టెవడికి కావాలి, పరదా మీద ఆకాశం వేసే మీబోటివాళ్లెవరికి కావాలి? మీ కుంచెలు అటకెక్కడానికి కారణం ఈ మేడలే. సరే, అది వేరే కథ.

అసలు సంగతికి వస్తాను. జరిగింది మొదటినుంచీ చెప్తాను. చాలావరకు మీరిక్కడే ఉండి చూశారు, అయినా చెప్తాను. తెరచాటున నిలబడి నటులకు మాటలందించడమే జన్మంతా చేసినవాణ్ణి. బళ్లో చదివింది ఐదో తరగతి, తక్కినదంతా వాళ్లకందించిన డైలాగుల్లో చదివిందే. మధ్యలోంచి అందుకోవడం నాకు చేతకాదు.

మావాడు శేషు ఎడిటింగులో కూడబెట్టి ఈ వాలుమీద ముక్క కొన్నాడు. కట్టడానికి మనుషులు కావాలి. అప్పుడు కదా బంధువులు గుర్తొచ్చేది. మంజులతను వాడు ప్రేమించి చేసుకున్నాడని మేమొక పక్కా, రహమత్ నగర్‌లో హనుమంతుగారు ఒక పక్కా మూతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లం. పునాది తవ్విన రోజున ఆయన తాపీ పట్టుకుని ఎవరూ పిలవకుండా వచ్చి నిలబడ్డాడు. నా బిడ్డ ఉండే ఇల్లు ఇంకొకడు కడ్తే నాకు నిద్ర వడ్తదా అన్నాడు. నేనన్నాను, ఇదుగో శ్యామలా, మన వియ్యంకుడు గోడలు కట్టేవాడే కాదు, తీసేవాడు కూడా అని. మా ఆవిడకు నా మాటలు ఎప్పుడూ నచ్చవు, అది కూడా నచ్చలేదు.

తర్వాత మీరూ అక్కయ్యా మద్రాసునుంచి దిగారు. అక్కయ్య కూలివాళ్లందరికీ వండి, ఆఖరికి వాళ్లచేత గోంగూరను పుంటికూర అనడం మాన్పించాలని చూసి, తనే పుంటికూర అనడం నేర్చుకుంది. మీరు కుంచెలు తెచ్చారు. చెయ్యి వణుకుతోంది బావా, ముందు గదుల వరకూ వేస్తానని మీరంటే, నేను ఆ చేతినీ చూశాను, మీ మొహాన్నీ చూశాను. చెయ్యి వణకడం లేదు. మొహమే వణుకుతోంది, మిమ్మల్నెవరూ పనడగక చాలాకాలమై.

ఆ సోమవారం దేవుడి పటాలెక్కడ కట్టాలో చూద్దామని శ్యామల హాల్లోకి వెళ్లి కేకేసింది. హాలుకూ స్టోరుగదికీ మధ్య గోడ. పిల్లరు పక్కనుంచి, తలంటుకున్నాక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలా, పైనుంచి మోకాలి ఎత్తుదాకా బీట. అప్పుడే హనుమంతుగారు గేట్లో అడుగుపెట్టాడు. ఆయన చెప్పులు విడిచేలోపే ఈవిడ అందుకుంది. సెట్టే నయం అన్నయ్యగారూ, దానికి మనం అడిగితేనే బీటలొస్తాయి అంది. అక్కడితో ఆగితే నేనే నవ్వేవాణ్ణి. ఆగలేదు. పిల్లనిచ్చారు గదా అని ఇల్లు కూడా వాళ్ల చేతుల్లో పెడితే ఇంతే అంది.

మంజులత వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

హనుమంతుగారు గోడ చూడను కూడా చూడలేదు. మట్టంపలక, తాపీ సంచిలో వేసుకున్నాడు. మాటన్నది గోడనైతే చూస్తుంటి చెల్లె, నువ్వన్నది నా బిడ్డను అన్నాడు. వాలు దిగి వెళ్లిపోయాడు. సాయంత్రానికి మంజులత సంచి సర్దుకుంది. మా నాయన కట్టిన ఇంట్ల మా నాయన రాకుంటే పాలు నేనెట్ల పొంగిస్త మామయ్యా అని నన్నడిగింది. శేషు స్కూటరు మీద దింపి వచ్చి, భోజనం చేయకుండా ఈ బండమీదే కూర్చున్నాడు. ఇల్లు పూర్తవుతుంటే ఇల్లాలు వెళ్లిపోయిందేమిట్రా భగవంతుడా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ గోడను చూస్తే ఇల్లంతా ఆ బీటలోంచే కారిపోతున్నట్టుండేది.

మర్నాడు వెంగళరావు నగర్‌లో శ్యామల పినతల్లి మనవరాలి బారసాల. మోకాళ్లు పట్టేశాయని మీరు ఇంట్లోనే ఉండిపోయారు. మేం మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి ఆ గోడ ముందు ముక్కాలిపీట వేసుకుని, పక్కన బకెట్టు, చేతిలో తడిగుడ్డతో, సినిమాలో జడ్జీలా కూర్చున్నారు. శేషుని పంపి తండ్రినీ కూతురినీ పిలిపించమన్నారు. ఇద్దరూ వచ్చారు, ఎడమొహంగానే వచ్చారు. అప్పుడు మీరు లేచి, పైనుంచి కిందికి తడిగుడ్డతో ఒక్కసారి తుడిచారు.

బీట గుడ్డలోకి వచ్చేసింది. గోడ గోడలాగే ఉంది.

చేతి దురద, ఊరికే కూర్చోలేక గీశాను, పనిచేస్తుందో లేదో చూసుకుందామని గీశాను, ఇంత గొడవవుతుందని అనుకోలేదు అన్నారు మీరు. ఎవరమూ అనుమానించలేదు. ఎలా అనుమానిస్తాం? కోడంబాకంలో ఆ గుడిసె సెట్టుకు మీరు వేసిన తడిమరక ఎవరు మరిచిపోతారు? నిర్మాత వచ్చి చూసి, స్టూడియో కప్పు కారుతోందని మేనేజర్ని తిట్టి, దానికింద బకెట్టు పెట్టించాడు. సినిమా అయిపోయేదాకా ఆ బకెట్టు తియ్యనివ్వలేదు. ఏ రోజు చూసినా అందులో నీళ్లు లేవేమిటని మాత్రం ఆయనకు తోచలేదు.

హనుమంతుగారు ముందుకొచ్చి గోడమీద అరచెయ్యి పెట్టాడు. అలాగే పెట్టి ఉంచాడు. ఏదో జ్వరం చూస్తున్నవాడిలా చాలాసేపు ఉంచాడు. తర్వాత మీ వంక చూసి, ఎంత పనిజేస్తివి పెద్దాయనా, నా పానం తీస్తివి గద అని పగలబడి నవ్వాడు. అందరం నవ్వాం. మంజులత ఏడుస్తూ నవ్వింది. శ్యామల లోపలికి వెళ్లి టీ పెట్టి, అన్నయ్యగారూ నా నోరు మంచిది కాదు అని కప్పు ఆయన చేతికే అందించింది. ఆయన, నోరు మంచిదే చెల్లె, జర ఉరుకుతది అన్నాడు. పెళ్లయ్యాక మా రెండు కుటుంబాలూ నిజంగా ఒక్కటైంది ఆ టీ తాగినప్పుడే. నా గుండెల మీదనుంచి ఆ నల్లబండంత బరువు దిగింది.

కానీ దిగిన బరువంతా మీ నెత్తిన పడింది. ఈ వయసులో ఈ కోతిచేష్టలేమిటని అక్కయ్య అందరి ముందూ మిమ్మల్ని తిట్టింది. వియ్యాలవారి ముందు తలెత్తుకోలేకుండా చేశారంది. మర్నాడే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి తీసుకుపోయింది. రైలు కదిలేటప్పుడు మీరు కిటికీలోంచి, పటాలు ఆ గోడకు మేకులు కొట్టి తగిలించకు బావా, పీటమీద పెట్టుకో అని మాత్రం అన్నారు.

ఇప్పుడు ఫోనులో అక్కయ్య ఏమంటోందంటే, ఆ మనిషిని వెంటబెట్టుకుని నేను మళ్లీ ఆ గడప తొక్కలేనురా, మీరు కానిచ్చుకోండి అంటోంది. మీతో సరిగ్గా మాట్లాడటం లేదని ఆ గొంతే చెప్పింది. ఇటుపక్క చూస్తే హనుమంతుగారు, ఆడబిడ్డ లేక కడపకు పసుపెట్ల వడ్తది, పెద్దాయన రాకుంటే ముహూర్తం మార్సుండ్రి అని బండమీద కూర్చుని మొండికేశాడు. పాలగిన్నె మంజులత కొనేసింది. పురోహితుడికి చెప్పేశాం. ఇంటి మొదటి ఆడపడుచు రాకుండా శ్యామల గడప దాటనంటోంది. ఒక బీట తుడిచి ఇంకో బీట పెట్టిపోయారు బావగారూ మీరు. ఇది తడిగుడ్డకు పోయేది కాదు, మీరిద్దరూ రావలసిందే.

ముహూర్తానికి ముందురోజు, గురువారానికల్లా దిగండి. శేషు స్టేషనుకు వస్తాడు. వచ్చేటప్పుడు మీ సన్న కుంచె మరిచిపోకండి. గడప మీద ముగ్గు మీరే వేయాలని మంజులత అంటోంది. తుడిస్తే పోని రంగు తెమ్మంది.

అక్కయ్యకు నమస్కారాలు. పుంటికూర మన పెరట్లోనే మొలిచిందని చెప్పండి.

గుమ్మం తెరిచి దారి చూస్తుండే
మీ బావమరిది
అనంతపద్మనాభం

తా.క. ఇంతవరకు రాసింది అక్కయ్య చదివినా పరవాలేదని రాసింది. ఇది మీకు.

నిన్న స్టోరుగదిలోంచి సిమెంటు బస్తాలూ సెంట్రింగు చెక్కలూ బయట పెట్టించాను. అవి ఆనించి ఉన్న గోడ మనం చెప్పుకుంటున్న గోడే, అవతలి వైపు. పిల్లరు పక్కనుంచి, వెంట్రుకలా, మోకాలి ఎత్తుదాకా బీట. తడిగుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. గోరు పెట్టి చూశాను. గోరు దిగింది.

అప్పుడు అర్థమైంది. మేం బారసాలలో లడ్డూలు తింటుంటే మీరు మోకాళ్ల నొప్పితో ఏం చేశారో. ఆ బీటను ప్లాస్టరాఫ్ పారిస్‌తో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు కలిపేసి, దానిమీద అదే బీటను మళ్లీ గీశారు, తుడవడం కోసం. ఆ గుడ్డలోకి వచ్చింది బీట కాదు, మీ పరువు. అంత పని చేసి కూడా దొరికిపోయారు బావా. ఎందుకో తెలుసా? జన్మంతా సెట్లకు రంగులేసినవారు మీరు. కెమెరా చూసేవైపే పూర్తి చేశారు. సెట్టుకు వెనకవైపు ఉండదు, ఇంటికి ఉంటుంది. పెళ్లైన కొత్తలో శ్యామలను రాజమహలు సెట్టుకు తీసుకెళితే, ఆవిడ నేరుగా వెనక్కు వెళ్లి కట్టెలూ గోనెలూ చూసి, ఆనాటినుంచి నా మాట ఒక్కటీ నమ్మలేదు. మీరు ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఉండాల్సింది.

గాభరా పడకండి. ఇల్లు పడదు. ఎండాకాలం వారం రోజులు ట్యాంకరు ఈ ఎత్తు ఎక్కక గోడలకు నీళ్లందలేదు, ఇటుక పిల్లర్ను కలిసేచోట గచ్చు గుంజుకుంది, అంతే. అది నాకెవరు చెప్పారంటారా? గోరు పెట్టి చూసి, గచ్చు కలుపుదామని నేను వాకిట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి హనుమంతుగారు గచ్చు కలిపిన గమేళా కడుగుతున్నాడు. అవతలి వైపు కొత్త గచ్చు తడిగా మెరుస్తోంది. నేను గోడ చూశాను, ఆయన్ను చూశాను. ఆనాడే తెలుసా అన్నాను. చెయ్యి పెట్టంగనె సల్లగ తగిలింది బావా, గుడ్డ తడైతే గంతసేపు సల్లగుండదు, లోపల కొత్త పూత ఉంటెనే గట్లుంటది అన్నాడు. మరి ఆనాడే చెప్పలేదేమన్నాను. గా ముసలాయన నాకోసం అందరిచేత తిట్లు తింటుండు, నేను నోరెట్ల తెరుస్త అన్నాడు. జర ఆయనకు తెల్వనియ్యకు, నన్ను కాపాడిన అనుకుంటుండు అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఒట్టు వేశాను. మాటలందించేవాడి ఒట్టు మీకు తెలియంది కాదు. అందుకే మీకు రాస్తున్నాను, అక్కయ్యకు ఈ తా.క. మీరే చదివి వినిపించండి. ఆవిడ ఏడిస్తే కాసేపు ఏడవనివ్వండి, తర్వాత టిక్కెట్లు కొనుక్కురండి.

గృహప్రవేశం రోజు గుమ్మంలో హనుమంతుగారు ఎదురొచ్చి, ఏం పెద్దాయనా, మల్ల గోడలకు గీతలు గీస్తవా అంటాడు. మీ డైలాగు ఇప్పుడే అందిస్తున్నాను, మరిచిపోకండి. గీస్తా, కట్టే గోడ బాగుంటే అనండి. ఇద్దరూ నవ్వండి. స్టోరుగది వైపు మాత్రం ఎవరూ చూడకండి.