ఖాతాదారుడే మాట్లాడాలట

బొమ్మసంద్ర,
బెంగళూరు.

సహాయ పరికరాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భర్త మాట్లాడే టాబ్లెట్ నోరు మూతపడుట గురించి.

వరంగల్ వైపు నుంచి వచ్చి బొమ్మసంద్రలో స్థిరపడిన ఛాయాదేవి నమస్కరించి విన్నవించుకొనునది. తమరు తెలుగువారని తెలిసి తెలుగులోనే రాసుకుంటున్నాను. నా భర్త, అర్జీ గనుక పేరు రాయక తప్పదు, జోగయ్య గారు. ఇక్కడి ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తూ పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ కోల్పోయినారు. తమ విభాగం వారు దయతో ఒక టాబ్లెట్ ఇప్పించినారు. అందులోని యాప్‌లో అక్షరాలు అరచేతి మందాన ఉంటాయి. వణికే ఎడమచేత్తో ఆయన నొక్కితే అది పైకి పలుకుతుంది. ఆ యాప్ తనంతట తానే అప్‌డేట్ అయి ఆయనను బయటికి నెట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో మాట లేదు.

1. హెల్ప్‌లైన్‌లో ఓంకార్ అను అతను యాప్ తీసేసి మళ్లీ వేయమన్నాడు. తీసేశాను. వేయబోతే జాగా చాలదన్నది. మా ఆడబిడ్డ పొద్దున్నే పంపే దేవుడి బొమ్మలు, గులాబీపూలు అన్నీ తుడిచేసి జాగా చేశాను. ఆ పాపం తమ విభాగానిదే.

2. యాప్ ఎక్కింది గాని పాస్‌వర్డ్ అడుగుతున్నది. అది ఆయన మనసులో ఉన్నది. సైన్ ఇన్ పేజీలో అక్షరాలు ఆవగింజలంత. ఆయన ఒకటి నొక్కితే మూడు పడుతున్నవి. ఓటీపీ పోయేది ఆయన పాత నంబరుకు, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. "అకౌంట్ హోల్డర్ లైన్‌లోకి వచ్చి కన్ఫర్మ్ చేస్తేనే రీసెట్ అవుతుంది మేడం, ప్రాసెస్ అది" అన్నాడు ఓంకార్. మాట్లాడలేకనే కద నాయనా ఈ యంత్రం! ఫోను ఆయన నోటి దగ్గర పెట్టాను. ఊపిరి వినిపించింది. "హలో, హలో, వాయిస్ రావట్లేదు" అని పెట్టేశాడు. అయ్యా, నాకు ఒళ్లు మండిపోయింది.

3. పాస్‌వర్డ్ మరిచిన వారికి ఒక ప్రశ్న ఉన్నది: "మీరు ఎక్కువగా పిలిచే పేరు ఏది?" ఆయన్ను అడిగితే నా వైపే వేలు చూపినారు. నా పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక 'ఏ' పెట్టి, రెండు 'ఏ'లు పెట్టి, మధ్యలో ఇంకో 'హెచ్' దూర్చి కొట్టాను. మూడు తప్పులైతే తలుపు వేసుకుని రేపు రమ్మంటున్నది. తెల్లారితే మళ్లీ అదే కథ.

4. చిక్కపేటలో దుకాణం దుకాణం తిరిగి పిల్లల తెలుగు అక్షరాల చార్టు తెచ్చి ఆయన ముందు పరిచాను. వేలు ఇల్లు బొమ్మ మీద ఆగింది. తర్వాత గడియారం బొమ్మ మీద. మళ్లీ ఇల్లు, మళ్లీ గడియారం. అసలింటికి పోయే వేళయిందంటున్నారా? ఆయన కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. "ఏం మాటలవి!" అని కసిరితే చార్టును గుద్దుతున్నారు. మంచైనా చెడైనా ఆయన ఏం చెప్పదలిచారో నాకు తెలియాలి.

కావున ఖాతాదారుడిని లైన్‌లోకి రమ్మనకుండానే ఖాతా తెరిపించే మార్గం చూడగలరనియు, ఈ మొర ఆలస్యం లేకుండా చిత్తగించవలెననియు ప్రార్థన.

తమ విధేయురాలు,
ఛాయాదేవి

తాజా కలం: అయ్యా, స్టాంపు అంటించి కవరు మూయబోతుంటే పక్కింటి శశికళ వచ్చింది. అర్జీ చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. "ఆయప్ప ఎప్పుడన్నా నిన్ను పేరు పెట్టి పిలిచినాడాక్కా? ఎప్పుడు చూసినా 'ఇగో, ఇగో' అంటానే ఉండె కదా!" అన్నది.

చార్టు చూశాను. ఇల్లు పక్కన 'ఇ'. గడియారం పక్కన 'గ'. ఆ చార్టులో ఓత్వం లేకపోతే మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఐ, జీ, ఓ కొట్టాను. తెరుచుకున్నది.

టాబ్లెట్ ఆయన ఒళ్లో పెట్టాను. మెల్లగా నొక్కినారు. "ఛాయ" అన్నది యంత్రం. అయ్యో, ఇన్నాళ్లూ చాయ కోసమేనా అని స్టవ్వు దగ్గరికి ఉరికి పాలు పెట్టాను. వెనక నుంచి మళ్లీ పలికింది.

"ఛాయ. ఛాయాదేవి."

పాలు పొంగిపోయినవి. అర్జీతో పని తీరింది గాని, స్టాంపు దండగ చేయడమెందుకని పంపుతున్నాను. ఆ ఓంకార్‌కు చెప్పండి, ఖాతాదారుడు మాట్లాడినారని.